తన్నా దీవిలో మూడు చప్పట్లు

అపొరోసాకు చప్పట్లు ఒంటబట్టిపోయాయి. ఫిజీలోని కడావు దీవిలో కావా అనే మత్తు వేరు పానీయం నింపిన చిప్ప అందుకునే ముందు ఒకటి, ఖాళీ చేశాక మూడు, ఆపైన చిప్ప ఖాళీ అయిందని "మదా!" అని ఒక కేక. అక్కడ అదే మర్యాద.

నలభై ఏళ్లుగా ఇళ్ల కప్పులు వేసిన వడ్రంగి అతను. పొరుగు దీవుల దేశాలు ఒకరి పనివాళ్లను ఒకరు రానివ్వాలని ఒప్పుకున్నాక, తుపాను ఎత్తుకుపోయిన బడికప్పు వేయడానికి వనువాటులోని తన్నాకు వచ్చాడు. మూడు నెలల అనుమతి ఇంకో వారంలో అయిపోతుంది, కప్పు చూస్తే సగమే అయింది. ఊరిపెద్ద నకౌ సరేనంటే గడువు పెరుగుతుంది, కాదంటే సగం కప్పు వదిలేసి ఇంటిదారి పట్టాలి. అలాంటి పని అపొరోసా జన్మలో చేయలేదు.

ఆ సాయంత్రం నకౌ అతన్ని కావాకు పిలిచాడు. మగవాళ్లంతా అడవివైపు తిరిగి తాగుతున్నారు. మాటలన్నీ గుసగుసలే. అపొరోసా చిప్ప ఎత్తి ఒక్క గుక్కలో దించాడు. అతని ఊళ్లో ఎండు వేరు పొడి కలిపి తాగుతారు, ఇక్కడ పచ్చి వేరు రసం. నాలుక మొద్దుబారింది గాని చేతులు మొద్దుబారలేదు.

టప్, టప్, టప్! "మదా!"

కొమ్మల మీది పిట్టలు లేచిపోయాయి. నకౌ కూడా లేచి వెళ్లిపోయాడు.

కప్పు మీద అతనితో పనిచేసే కాసూ చెవి దగ్గరికి వచ్చాడు. నకౌకు మేనల్లుడు, ఇద్దరు పిల్లల తండ్రి. "మేస్త్రీ, కావా తాగాక మేం తాతముత్తాతల మాట వింటాం. వాళ్లందర్నీ తరిమేశావు కదయ్యా!"

తప్పు చేసినవాడు మన్నించమని కావా వేరు పట్టుకెళ్లడం మాత్రం రెండు దీవుల్లోనూ ఒకటే. తెల్లారగానే అపొరోసా వేరు భుజాన వేసుకుని, కాసూను వెంటబెట్టుకుని నకౌ వాకిట్లో నిలబడ్డాడు.

"ఎందుకు కొట్టావు?"

"కొట్టకపోతే మా ఊళ్లో నన్ను కొడతారు పెద్దయ్యా."

నకౌ గడ్డం గోక్కుని కాసూను చూపించాడు. "వచ్చే ఏడు వీడు పని చేయడానికి మీ దీవికి వస్తాడు. ఈ మొద్దు అక్కడ ఉలుకూ పలుకూ లేకుండా తాగితే?"

"పొగరనుకుంటారు."

"అదేం చిత్రమో, మా ఆవిడ నేను మాట్లాడితే పొగరంటుంది," అన్నాడు కాసూ.

నకౌకు నవ్వు ఆగలేదు. వేరు అందుకున్నాడు. "కప్పు అయ్యేదాకా ఉండు మేస్త్రీ. వీడికి కప్పు పనీ నేర్పు, చప్పట్లూ నేర్పు. చప్పట్లు మాత్రం సముద్రం ఒడ్డున. మా తాతలకు వినపడకూడదు."

ఇక రోజూ పని దిగాక అలల హోరులో ఇద్దరూ చప్పట్లు కొట్టేవాళ్లు. కాసూ నాలుగు కొట్టేసేవాడు. "ఒకటి ఎక్కువైతే మీవాళ్లేం అనుకోరులే," అనేవాడు.

చివరి రేకు బిగించిన సాయంత్రం అపొరోసా కావా తాగి, చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. నకౌ చిప్ప కింద పెట్టి, చెట్ల సందుల్లోంచి మెరుస్తున్న బడికప్పును చూశాడు. తర్వాత అపొరోసా వైపు తిరిగి, చప్పుడు కాకుండా, మూడుసార్లు అరచేతులు కలిపాడు.