రోజూ చినిగే వల

నా చిన్నప్పుడు మా అవ్వ ఉతికే ముందు ఒక్క చొక్కాను మాత్రం ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది. అది మా చిన్నమామ చొక్కా. ఆయన మా అమ్మకు తమ్ముడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

మామను ఆసుపత్రిలో రెండు నెలలు పెట్టి తాగుడు మాన్పించి పంపినారు. మనిషి తేరుకున్నాడు, వేళకు అన్నం తింటున్నాడు. అయినా మాలో ఎవరికీ నమ్మకం కుదరలేదు. అంతకు ముందు రెండుసార్లు వెలిగే కర్పూరం మీద చెయ్యి కొట్టి ఒట్టు పెట్టి, వారం తిరక్కుండా తప్పినవాడే కదా. ఇంకొక్కసారి తాగితే బిడ్డను ఎత్తుకొని పుట్టింటికి పోతానని, మళ్ళీ రానని అత్త చెప్పేసింది. ఆమె పెట్టె సర్దేసి మంచం కింద ఉండేది.

అప్పుడు మేం సముద్రం ఒడ్డున పిళ్ళైచావడి అనే ఊర్లో ఉన్నాం. రోజూ పొద్దు వాలేసరికి, సరిగ్గా సారాయంగడి ముందర జనం చేరే వేళకు, మామ చెప్పులేసుకొని బయల్దేరేవాడు. యాడికని అడిగితే సముద్రం గాలికి అనేవాడు. పొలం పనులు చేసుకొనేవాళ్ళకు సముద్రం గాలి ఏంది? అవ్వ నన్ను పిలిచి, "కనపడకుండా వెనకాలే పో. నోట్లో ఏం పోసుకుంటాడో చూసి రా" అనింది. నాకు తొమ్మిదేళ్ళు. బడి మాన్పించినారు కాబట్టి ఖాళీగానే ఉన్నాను.

మామ సారాయంగడి వీధి వదిలేసి, చుట్టు తిరిగి ఇసకలోకి పోయినాడు. అక్కడ ఒక జాలరి తాత గుడిసె. ఇద్దరూ పడవ నీడలో కూచున్నారు. మధ్యలో ఒక చెంబు. వాళ్ళు లోపలికి పోయి వల తెచ్చుకొనే సందులో చెంబు ఎత్తి వాసన చూసినాను. గంజి. ఉప్పేసిన గంజి.

ఆ తాత కూడా ఒకప్పుడు తాగి తాగి తన పడవ అమ్ముకున్నవాడేనంట, తర్వాత తెలిసింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకొనేవాళ్ళు కారు. తాత చినిగిన వల పరిచేవాడు, మామ అల్లేవాడు. బాగా చీకటి పడినాక, ఆకలేసినాక, మామ నేరుగా ఇంటికొచ్చేవాడు.

గంజి సంగతి చెబితే అవ్వ నమ్మలేదు. "గంజి కోసం రోజూ ఎవురు పోతారే? రేపూ పో."

పోయినాను. నాలుగో రోజో అయిదో రోజో మామ కంటే ముందే పోయి పడవ వెనక దాక్కున్నాను. తాత మంచి వలను ఒళ్ళో వేసుకొని, చేపలు కోసే కత్తితో తానే కోస్తున్నాడు. అక్కడొక గాటు, ఇక్కడొక గాటు.

మా ఇంట్లో చినిగిన గుడ్డ కూడా పారెయ్యం, బాగుండే వలను ఎవరైనా కోస్తారా? పరిగెత్తుకుంటూ పోయి దారిలో మామను ఆపినాను. "మామా, ఆ తాత నిన్ను మోసం చేస్తున్నాడు! వల చినగలేదు, ఆయనే కోస్తున్నాడు!"

మామ నవ్వినాడు. "తెలుసులే పాపా. చేప కొరికితే అంత తిన్నగా తెగుతుందా?"

"తెలిసీ ఎందుకు పోతావు?"

"ఆయన వల కోసుకొని నా కోసం కూచోనుంటే, నేను ఇంకో పక్కకు ఎట్లా పోయేది?" అని, "రేపట్నించి పడవ వెనక దాక్కోవద్దు, ఎండ. వచ్చి దారం పట్టుకో" అన్నాడు.

అత్త పెట్టె మంచం కింద ఇంకో ఏడాది ఉండింది. ఆ తర్వాత ఒకనాడు చీరలన్నీ దండెం మీదకొచ్చినాయి.

ఇప్పుడు మేం ఉండేది నటేశన్ నగర్లో. నా మనవడు తాగుడు మాన్పించే సెంటర్లో మూడు నెలలుండి వచ్చినాడు. వారానికి రెండు సాయంత్రాలు మీటింగుకు పోయి, తనలాంటివాళ్ళతో కూచొని వస్తాడు. నేను వాడి చొక్కా వాసన చూస్తాను, దాచేదేం లేదు. మీటింగు లేని రోజు మాత్రం, మధ్యాన్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేను కూచొనే, ప్లాస్టిక్ వైరుతో అల్లిన కుర్చీలో రెండు వరసలు కోసి పెడతాను. ఒక పాత సంచి పారెయ్యని దాన్ని, ప్రతిసారీ చెయ్యి వెనక్కే పోతుంది. అయినా కోస్తాను.

సాయంత్రం వాడు కుర్చీ తిప్పి చూసి, "ఏందవ్వా, మళ్ళా ఎలకా?" అంటాడు.

"ఎలకే" అంటాను.

వాడు తెగిన చోట వేలు పెట్టి కాసేపు నన్నే చూస్తాడు. తర్వాత వైరు చుట్ట తెచ్చుకొని నా పక్కన కూచుంటాడు.