కంటి అంచనాతో ఎక్కించిన మందు

ఆ ఉదయం టేపక్క చివరిగా చేసిన పని, తన గౌను నడుము బిగించి కుట్టుకోవడం. కొవ్వు ఇంకా ఒంట్లోనే ఉంది. గౌను మాత్రం అది వెళ్లిపోయినట్టే సిద్ధమైంది. పళ్లతో దారం తెంపి, "పద చెల్లీ, ఒంటిని కూడా కాస్త బిగించుకొద్దాం," అంది.

మెడలో టేపు లేకుండా ఆమెను సొంత చెల్లెలు కూడా అరుదుగానే చూసింది. కొలవకుండా కత్తెర పెట్టే దర్జీలంటే టేపక్కకు ఒళ్లు మంట. "కళ్లతో కొలిచేవాడు కళ్లకే చొక్కా కుట్టుకోవాలి," అనేది. ఊరందరి నడుముల కొలతలూ తన కుట్టు దుకాణం దద్దరిల్లేలా చదివేది. తన కొలత మాత్రం రాజరహస్యం.

క్లినిక్ చెప్పుల దుకాణం పైన. ఒక గది, ఒక మంచం, మూలన బరువు చూసే యంత్రం, దాని మీద తువ్వాళ్ల దొంతర. డాక్టరు మహా మర్యాదస్థుడు.

"పూర్తి మత్తు ఉండదమ్మా. అక్కడికక్కడ తిమ్మిరెక్కించి కొవ్వు లాగేస్తాం. నడిచొచ్చారు, నడిచే వెళ్తారు. బరువెంత ఉంటారు?"

"వయసడగండి బాబూ, చెప్తాను. బరువు మాత్రం అడక్కండి."

డాక్టరు నవ్వి, ఆమెను పైనుంచి కిందికి ఒక చూపు చూసి, ఏదో అంకె వేసుకున్నాడు. మందు ఎంతవరకు ఎక్కించవచ్చో ఆ అంకెను బట్టే తేలుతుంది. తువ్వాళ్లు ఎవరూ తీయలేదు. టేపక్క జన్మలో మొదటిసారి కంటి అంచనాను మెచ్చుకుంది. "చూశావుటే, ఎంత సంస్కారమో!"

ఆయన అన్నట్టే నడిచే ఇంటికొచ్చింది. సాయంత్రానికి, "పెదాలు మొద్దుబారాయే. చెవుల్లో ఎవరో ఈలేస్తున్నారు," అంది.

"కొవ్వు తీసింది నడుములోదక్కా, నోట్లోది కాదు. మందు దిగుతోందిలే, పడుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క నవ్వు కాస్త ముద్దముద్దగా వచ్చింది.

మందు దిగడం లేదు, ఎక్కుతోంది. చర్మం కింద నింపిన మందు నెమ్మదిగా నెత్తుట్లో కలుస్తుందనీ, ఆ ఉధృతి ఇంటికెళ్లాకే వస్తుందనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు క్లినిక్‌కు తాళం వేసుకుని వెళ్లిపోయారు. ఫోను మోగి మోగి ఊరుకుంది. కాసేపటికి అక్కకు ఫిట్సు వచ్చాయి. పెద్దాసుపత్రి గుమ్మం చేరేసరికి గుండె ఆగిపోయింది.

తర్వాత ఒకరోజు, కుట్టడానికిచ్చిన గుడ్డ వెనక్కి తీసుకోవడానికి పెద్దాసుపత్రి మత్తు డాక్టరమ్మ వచ్చింది. జరిగిందంతా విని, ఆ మందుకు విరుగుడు ఉందనీ, ఇలాంటి పని చేసే ప్రతి గదిలోనూ అది అందుబాటులో ఉండాలనీ చెప్పింది. పాలలా తెల్లగా ఉంటుందట, నరంలోకి ఎక్కిస్తారట.

"ఏముంటుందమ్మా అందులో?" అని అడిగింది చెల్లెలు.

"కొవ్వు," అందామె.