ఏడు హాలీ, ఆరు కల్దార్

ఎండలు ముదిరే రోజుల్లో మాదన్నపేట కూరగాయల మార్కెట్లో అడుగుపెడితే చాలు, తడి గోనెపట్టా మీద కుప్పపోసిన చింతచిగురు వాసన ముక్కుకు తగులుతుంది. అంతే, నా అరవై ఏళ్లూ ఎటో పోయి, మా అవ్వ పక్కన చతికిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను. అవ్వ మా బాపును కన్నతల్లి. నిజాం కాలం నుంచి అదే మార్కెట్లో ఆకుకూరలు అమ్మింది. ఆమె చేతులకు పొద్దున పుదీనా వాసన, మధ్యాహ్నానికి మెంతికూర వాసన, ఆషాఢంలో బోనాల వారం మాత్రం పసుపూ వేపాకూ కలిసిన వాసన.

ఆ నిజాం కాలంలో హైదరాబాదుకు తన రూపాయి తనకుండేది. చార్మినార్ బొమ్మ ఉన్నది హాలీ, ఇంగ్లీషు రాజు బొమ్మతో మిగతా దేశమంతా చెల్లేది కల్దార్. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. మార్కెట్లో నడిచేది హాలీ అయినా, రైల్వే వాళ్లూ కంటోన్మెంట్ దొరల వంటవాళ్లూ కల్దార్లు పట్టుకొచ్చేవారట. అక్షరం ముక్క రాని మా అవ్వ, తోటకూర కట్ట మీది నీళ్లు విదిలిస్తూ విదిలిస్తూనే ఆ రూపాయిని ఈ రూపాయిలోకి మార్చి చిల్లర చేతిలో పెట్టేదట. నేను పుట్టేనాటికి హాలీ చెలామణిలోంచి పోయింది గానీ అవ్వ నోట్లోంచి పోలేదు. పక్కన ఉల్లిగడ్డలమ్మే గఫూర్ చాచా, సాయంత్రం బేరాలు పలచబడగానే ఆమెను గిల్లేవాడు.

"అమ్మా, ఏక్ సౌ ఉన్నీస్ హాలీ. కల్దార్ కిత్తే?"

"నూట పంతొమ్మిదికి నూటరెండు. ఇంగ పెద్దది అడుగు భాయ్, గిదేం లెక్క!"

బళ్లో ఏడో ఎక్కం దగ్గరే బోర్లాపడే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. వెంకన్న గుడిలో దేవుణ్ని చూసినా నాకంత ఆశ్చర్యం వేయలేదు, అబద్ధమెందుకు. ఆ ఏడు వానాకాలమంతా, వసారాలో చూరు నీళ్లు కారుతుంటే, వేయించిన చింతగింజలు నేలమీద పరిచి అవ్వ నాకు తన విద్య నేర్పింది. ఏడు గింజల వరుస పెట్టడం, ఒకటి తీసి పక్కనుంచడం, మిగిలినవి చూసుకోవడం. తీసినవన్నీ నేను బుగ్గన పెట్టుకుని నములుతుంటే, "పాపం, హాలీలన్నీ మింగుతున్నవు" అని నవ్వేది. బతుకమ్మ సద్దుల పిండి చేతికంటుకుని ఉన్నా సరే, ఆ వరుసలు ఆగలేదు. "లెక్క ఒడిసినంక కల్దార్ జెయ్యి బిడ్డా. గప్పుడే అది పక్కా లెక్క" అనేది. నేను దాన్ని వేదంలా పట్టుకున్నాను.

మా బాపుకు నాలుగు బర్రెలు, పాల వ్యాపారం. అర్ధసంవత్సర పరీక్షల ముందు ఆయన ఒకటే మాటన్నాడు: "ఈపాలి లెక్కల్ల ఫేలైతివో, బడి బంద్. బర్లకాడ పని మస్తున్నది." అన్నాడంటే చేసే మనిషి. అయినా నేను భయపడలేదు. పదీ రూపాయల లెక్కలే, పదీ చేశాను. చేసి, అవ్వ చెప్పినట్టు ప్రతి జవాబునూ బుద్ధిగా కల్దార్ చేశాను. నలభై రెండు రావలసిన చోట ముప్పై ఆరు, అరవై మూడు రావలసిన చోట యాభై నాలుగు. పేపరు నిండా ఎర్ర గీతలతో, పైన సున్నాతో తిరిగొచ్చింది.

బాపుకు చూపించే ధైర్యం లేక అవ్వ దగ్గరికి పోయాను. చదవమంది. చదివాను. మూడో లెక్క కాడికి వచ్చేసరికి కొత్తిమీర ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, నా బిడ్డ కొంప నేనే ముంచితి గదనే" అంది.

మర్నాడు గంపను గఫూర్ చాచాకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది.

"టీచరమ్మా, పిల్ల తప్పు గాదు. పేపర్ల రూపాయి అని రాసిండ్రు. ఏ రూపాయో రాయకపోతిరి."

టీచర్ ముందు నవ్వింది. తర్వాత, చూద్దామన్నట్టు ఒక్కో లెక్కా చదివింది. అవ్వ నిలబడ్డచోటే హాలీలో ఒకటి, కల్దార్లో ఒకటి, రెండు జవాబులూ చెప్పేది. టీచర్ ఆమె చెప్పిన మారకం ప్రకారం బోర్డు మీద ఆరుతో హెచ్చవేసి, ఏడుతో భాగించి, ఆ జవాబుకే చేరేది. పదోది అయ్యేసరికి సుద్దముక్క కింద పెట్టేసింది. నాకేమో, ఆమె మా అవ్వ అని అరిచి చెప్పాలనిపించింది.

టీచర్ నా సున్నా కొట్టేసి మార్కులు వేసింది. వేసి, మెల్లగా అంది: "అవ్వా, మీ లెక్క బంగారం. కానీ ఆ రూపాయి ఇప్పుడు లేదు. రేపు పెద్ద పరీక్షలు దిద్దేవాళ్లకు మీరు వచ్చి చెప్పలేరు కదా. పిల్ల చదవాలంటే ఇది మరిచిపోవాలి."

అవ్వ బోర్డు మీది అంకెలకేసి చాలాసేపు చూసింది. తన లెక్క రాతలో ఎట్లా ఉంటుందో ఆమె చూడడం అదే మొదలు.

"సరే బిడ్డా. ఇగ నా నోట ఆ మాట రాదు."

రాలేదు. గఫూర్ చాచా ఎంత గిల్లినా "యాదికి లేదు భాయ్" అనేది. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. నా బడి ఆగలేదు. ఏడో ఎక్కమూ వచ్చింది, ఆ తర్వాత కాలేజీ కూడా.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా అవ్వ మంచం పట్టింది. ఆస్పత్రిలో డాక్టర్ వయసెంత అని అడిగితే ఆమె అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"చెప్పనా బిడ్డా?"

దేనికి నా అనుమతి అడుగుతోందో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు. "చెప్పు అవ్వా" అన్నాను.

"హాలీల తొంబై ఒకటి," అంది, మొహం వెలిగిపోతూ, "కల్దార్ల డెబ్బై ఎనిమిది."

డాక్టర్ నవ్వి మొదటి అంకె రాసుకున్నాడు.

గఫూర్ చాచా లేడు, బర్రెల కొట్టం లేదు, ఏడుకు ఆరు అంటే ఏందో తెలిసిన మనిషి ఆ మార్కెట్లో ఒక్కరూ లేరు. మొన్న ఇంటి కాగితాల కోసం వెతుకుతుంటే అవ్వ మరణ ధ్రువపత్రం దొరికింది. వయసు దగ్గర తొంభై ఒకటి అని ఉంది. ఏ లెక్కలోనో మాత్రం రాయలేదు.