గుర్రంతో మాట్లాడనివాళ్ళు

మొన్న కువైట్‌లోని అబూ హలీఫాలో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడమీది టీవీలో ఇద్దరు గొంతు లేకుండా పోట్లాడుకుంటున్నారు. శబ్దం ఎవరో కట్టేశారు. కాసేపటికి నా పెదాలు కదులుతున్నాయని పక్కనున్న నర్సమ్మ చూపును బట్టి తెలిసింది. ఇద్దరికీ మాటలు నేనే అందిస్తున్నాను, అదీ కడప యాసలో. ఈ జబ్బు నాకు మామ గుర్రం నాటినుంచి ఉంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కువైట్‌లో ఆ ముక్క విడిగా చెప్పుకోవాలి. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు యజమానురాలిని మామా అంటారు కదా. "మా మామ గడ్డం గీసుకుంటున్నాడు" అని నేనంటే ఒక గోదావరి అక్క చేతిలోని టీ గ్లాసు వదిలేసింది. మామ కబ్ద్‌లో ఒక గుర్రాలశాలలో పనిచేసేవాడు. గుర్రాలు తెలుసా అని ఏజెంటు అడిగితే పుట్టినప్పటినుంచీ అన్నాడు గానీ, ఆయనకు తెలిసినవి ఎద్దులే. గడ్డి వేస్తూ, లద్దె ఎత్తుతూ నాలుగేళ్ళు ఆ అబద్ధాన్ని పడిపోకుండా నడిపించాడు. ఐదో ఏడు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒక కొత్త గుర్రాన్ని తెచ్చాడు. జీను వేయబోయిన ఇద్దరిని అది విసిరికొట్టింది. "గుర్రాలు తెలిసినవాడివి నువ్వే కదా. వచ్చే గురువారంలోగా జీను వెయ్యి. లేదంటే ఖలాస్, ఇఖామా కొట్టించను, ఊరికి పో" అన్నాడట కఫీల్. ఇఖామా అంటే మమ్మల్ని ఇక్కడ ఉండనిచ్చే కాగితం. ఊళ్ళో మామ ఇల్లు లింటెల్ దాకా లేచి ఆగి ఉంది. దాని మీద కప్పు పడాలంటే ఈ గుర్రం మీద జీను పడాలి.

మా గదిలో మామతో కలిపి నలుగురం. ఫోనులో వెతికే విద్య నాదని పేరు; నా ఫోను ఒక్కటే పగలకుండా ఉండటం అసలు కారణం. మొండి గుర్రాన్ని ఎలా లొంగదీయాలని వెతికితే, నూరేళ్ళ కిందటి అమెరికా సినిమా దొరికింది, మొండి గుర్రాలెక్కే రోడియో పందేలది. టోపీలవాళ్ళు, ఎగిరే గుర్రాలు, దుమ్ము. మాట మాత్రం లేదు. ఫోను పాడైందని రిపేరు షాపుకు పరిగెత్తాను. అతను బ్రష్షుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, ఫోనుకు ఏ రోగమూ లేదు, సినిమాయే మూగది అని తిరిగిచ్చాడు.

దాంతో మాటల బాధ్యత గది తీసుకుంది. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురం ఫోను చుట్టూ చేరాం.

"పెండ్లికొడుకు మాదిరి కూసున్నాడే వాడు."

"ఎంతసేపులే. దిగుతాడు."

దిగాడు, గుర్రం తలమీదుగా. మేం నవ్వాం. మామ నవ్వలేదు. "ఎక్కినోన్ని సూడొద్దురా, కింద నిలబడినోళ్ళను సూడండి" అని వెనక్కి తిప్పించాడు. కింద ఒకడు గుర్రం కళ్ళకు గుడ్డ కట్టి పట్టుకుంటే ఇంకొకడు జీను బిగించాడు. గుడ్డ లాగారో లేదో, గుర్రం వెనక కాళ్ళు ఆకాశంలో ఉన్నాయి. మామ ఆ ముక్కే పదేపదే చూశాడు.

"అల్లుడా, ఇంతమందిలో ఒక్కడన్నా దాంతో మాట్లాడినాడా?"

"అది మూగ సినిమా మామా. మాట పట్టే యంత్రం అప్పటికి ల్యాదు."

"యంత్రం ల్యాకపోతే మనిషికి నోరు ల్యాదా? కండ్లు మూసి, మాటా పలుకూ లేకుండా ఈపు మీద బరువేస్తే నేనైనా తంతా."

మళ్ళీ వివరించబోయాను. ఆయన వినలేదు. నా వివరణలు విననివాళ్ళు సాధారణంగా బాగుపడతారు.

గురువారం పొద్దున నేనూ కబ్ద్ వెళ్ళాను. పడితే ఎత్తడానికని చెప్పాను గానీ, ఏం జరుగుతుందో చూడాలన్న ఆత్రమే ఎక్కువ. మామ తన తువ్వాలు గుర్రం కళ్ళకు కట్టి జీను బిగించాడు. తువ్వాలు మాత్రం లాగలేదు. దాని చెవి దగ్గర నిలబడి మొదలుపెట్టాడు. "నాయనా, ఇది జీనప్పా, పులి గాదు. మా కోడె గూడా మొదట్ల నీ మాదిరే, కాడి జూస్తే సాలు, ఊరు దాటి పరిగెత్తేది. నిలు నా సామీ. ఇంటికి కప్పు పడల్ల, నువ్వు గిన తన్నితే నేనెట్లా..." కఫీల్ "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు, కాసేపటికి మానేశాడు. అరగంటలో తువ్వాలు వేలెడు వేలెడు చొప్పున జారింది. గుర్రం ఒళ్ళంతా ఒకసారి వణికింది. ఒక చెవి మామ వైపు తిప్పి, అలాగే నిలబడింది.

దానికి ఏం చెప్పావని కఫీల్ అడిగితే, మామ తనకొచ్చిన అరబ్బీలో "ఇంటి సంగతి" అన్నాడు. ఇఖామా వచ్చింది. తెలుగులో చెబితే తప్ప నిలబడనని గుర్రం భీష్మించడంతో కఫీల్ కూడా "నిలు నాయనా" నేర్చుకోవాల్సి వచ్చింది.

మామ ఇప్పుడు కప్పు పడిన ఇంట్లో ఉన్నాడు. ఆ పొద్దున నేను తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది: గుర్రం చెవి, పక్కన మామ తెరిచిన నోరు. ఆ టోపీలవాళ్ళూ ఏదో ఒకటి అనే ఉంటారని ఇప్పుడనిపిస్తుంది. కాలం దుమ్మును దాచి మాటను పారేసింది. ఇంకో నూరేళ్ళకు ఈ ఫొటో ఎవరికైనా దొరికితే, అంత దగ్గరగా నిలబడి కూడా ఈ పెద్దమనిషి గుర్రంతో ఒక్క మాటైనా మాట్లాడలేదే అనుకుంటారు.