అయ్య అరచేతిలో రెండు నెలల మందు

నా చేతుల మీదుగా జరిగిన ఘోరాల్లోకెల్లా పెద్దది చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. ఇందులో ఉన్నది ఒక చిన్న మందు సీసా, ఒక పులిపిరి, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక మహామేధావి. ఆ మేధావిని నేనే. బలైంది మా అయ్య.

మాది భీమిలి. అయ్యకీ, మా అప్పన్న మావకీ కలిపి ఒక ఫైబర్ పడవ ఉండేది. అయ్య కుడి అరచేతిలో, సరిగ్గా వల తాడు ఒరుసుకునే చోట, పులిపిరి లేచింది. తాడు లాగినప్పుడల్లా ప్రాణం జివ్వుమనేది. వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట నిషేధం కదా, అది మొదలైన రోజే ఆయన్ని బస్సెక్కించి వైజాగ్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇది వైరస్ వల్ల వస్తుంది," అందావిడ చీటీ రాస్తూ. "స్నానం చేశాక రోజుకు ఒక్కసారి, పులిపిరి మీద ఒక్క చుక్క. చుట్టూ ఉన్న మంచి చర్మానికి ముందే వాజిలైన్ రాయండి, మందు అక్కడ తగిలితే కాలుతుంది. వేశాక చేతులు కడుక్కోండి. తొందరపడొద్దు, రెండు నెలలు పట్టొచ్చు."

రెండు నెలల నిషేధం, రెండు నెలల మందు! ఇంకేం కావాలి? ఇంటికి రాగానే అయ్య సీసా నా చేతిలో పెట్టాడు. "నాకియ్యన్నీ తెల్దమ్మా. సదువుకున్నదానివి, నువ్వే సూసుకో."

చూసుకున్నాను, నాలుగు రోజులు. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. తర్వాత పెందుర్తిలో పిన్ని కూతురి పెళ్లి, ఆ తర్వాత పెళ్లి ఫొటోలు చూసుకోవడం. ఒకరోజు ఒడ్డున పడవలకు రంగులేస్తుంటే చూసి వేళ్ల మీద రోజులు లెక్కేశాను. వేట మొదలవడానికి ఇంకా వారమే ఉంది. పులిపిరి ఎక్కడిదక్కడే ఉంది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. నేను మాత్రం పరీక్ష ముందురోజు ఏం చేస్తానో అదే చేశాను. సిలబస్ మొత్తం ఒక్కసారే లాగించేశాను. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిదిసార్లు మందు.

"పొద్దుటేల ఏసావు గదమ్మా?" అనేవాడు అయ్య.

"ఎనకబడిపోనాం అయ్యా, అందుకోవాల!"

"మంటెడతంది."

"మంటెడితేనే మందు పన్జేత్తన్నట్టు."

"ఆ డాట్రమ్మ సుట్టూ ఏదో రాయమంది గదా?"

"అదంతా టైమున్నోళ్లకి!"

నాలుగో రోజుకు అరచేయి నానబెట్టిన అటుకుల్లా తెల్లబడింది. ఆరో రోజుకు తోలు ఊడొచ్చి చిన్న పూరీ అంత పుండు తేలింది.

వేట మొదలయ్యే రోజు పొద్దున్నే పడవకు పసుపు, కుంకుమ పెట్టారు. పేటంతా ఒడ్డునే ఉంది. అప్పన్న మావ అయ్య కట్టు చూశాడు. "సేతికేటైంది బావ?"

నేను అమ్మ వెనక దాక్కున్నాను. అయ్య నావైపు ఒక్కసారి చూశాడు.

"ఏటీ నేదు బావ. సేపలు ఏపుతుంటే నూనె పడ్డాది."

"నువ్వు సేపలు ఏపావా? మరి మా అక్క ఏటి సేత్తంది?"

అమ్మ నోరు తెరిచింది. నా మొహం చూసి మూసుకుంది. మధ్యాహ్నానికల్లా మా అమ్మ మొగుడి చేత వంట చేయిస్తుందన్న వార్త పేటంతా చుట్టబెట్టేసింది. ముప్పయ్యేళ్లలో మొదటి రోజు వేట ఎన్నడూ తప్పని మనిషి, పడవ కనుమరుగయ్యేదాకా ఇసుకలో నిలబడే ఉన్నాడు. అది తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. నన్ను పల్లెత్తు మాట అననందుకు ఏడుపూ వస్తుంది.

మర్నాడు వైజాగ్‌లో డాక్టరమ్మ కట్టు విప్పి, "ఎవరు వేశారిలా?" అంది.

"నానేనమ్మా," అన్నాడు అయ్య.

ఆవిడ ఆయన్ని వదిలేసి నన్నే చూసింది. "మరిచిపోయిన రోజుల మందంతా కలిపి ఒకేసారి వేయకూడదు. పుండు పూర్తిగా మానేదాకా మందు ముట్టుకోకండి. మానాక నాకు చూపించి, మళ్లీ మొదట్నుంచి."

అన్నట్టు చెప్పడం మరిచాను. ఆ పుండు మధ్యలో పులిపిరి మన భీమిలి లైట్‌హౌస్‌లా నిక్షేపంగా నిలబడి ఉంది.

చేయి మానేదాకా అయ్య ఒడ్డునే ఉండిపోయాడు. చెప్పిన అబద్ధం నిలబెట్టుకోవడానికి ఎడం చేత్తో గరిటె పట్టక తప్పలేదు. పక్కింటి పెద్దమ్మ రోజూ గోడ మీంచి తొంగిచూసి, "మరిదీ, ఇయ్యాల కూరేటి?" అని అడిగేది. మొదట్లో ఆ పులుసు పిల్లి కూడా ముట్టలేదు. చేయి మానేసరికి మాత్రం మా ఇంట్లో అంత బాగా చేసేవాళ్లు లేరు. అమ్మ ఈ మాట ఒప్పుకోదు.

చలికాలానికి పులిపిరీ పోయింది, ఒక్కో చుక్కతో, నింపాదిగా. తర్వాత నేను ఉద్యోగంలో చేరాను, అయ్య వేట మానేశాడు.

పోయిన నెల నా వేలికి పులిపిరి లేచింది. డాక్టరు అలాంటి సీసానే రాశారు. ఇంటికెళ్లి మూత తీయబోతుంటే అయ్య గభాల్న లాక్కున్నాడు.

"ఇలాగియ్యి. సదువుకున్నోళ్లని నమ్మలేం."

కళ్లజోడు పెట్టుకుని, పడవకు రంగేసినంత శ్రద్ధగా చుట్టూ వాజిలైన్ రాసి, మధ్యలో ఒక్క చుక్క వేశాడు. సీసా తీసుకెళ్లి పోపులడబ్బా వెనక దాచేశాడు.

అందుచేత భీమిలి సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక్క చుక్కంటే ఒక్క చుక్కే. మరిచిన రోజు మరిచినట్టే. ఈ ప్రాణముండగా మళ్లీ ఏ మందు సీసా మూతా నా చేత్తో తీయను. తీద్దామన్నా అయ్య ఇవ్వడు.