మామ కలను ఫిట్స్ అన్నాను

పలమనేరు పక్క పల్లెలో ఉండే మా మామ, అంటే నా భార్య నాయన, పోయిన నెల గుండెపోటుతో పోయాడు. ఫోనులో ఆ మాట వినగానే ఏడుపుకంటే ముందు నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మామకు నాలుగు ఆవులు. పొద్దున్నే పాలు పిండి మోపెడ్ మీద ఇంటింటికీ పోసేవాడు. కొలిచాక కొసరు పోయకుండా గిన్నె ఇచ్చేవాడు కాదు. అడిగితే "పిల్లోళ్లుండారు గదప్పా" అనేవాడు.

మూడేళ్ల కిందట, మేం అత్తగారింట్లో ఉండగా, ఒక వేకువన మామ నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసరడం చూశాను. చిత్తూరులో నాకు మందుల షాపుంది. ఆ మాత్రానికే సగం డాక్టర్ని అయిపోయాననుకునే రకాన్ని. "ఫిట్స్!" అని తేల్చేసి, చేతిలో తాళాలగుత్తి పెట్టి, పళ్ల మధ్య స్పూను దూర్చాను. ముందుపన్ను విరిగింది. మామ వెంటనే లేచి కూర్చుని నోరు తుడుచుకున్నాడు.

"కలొచ్చినాదప్పా. కుక్కలు దూడ మింద పడతా ఉంటే తోలినా."

నేను వినలేదు. ఏ డాక్టరూ రాయకుండానే నా షాపులోంచి మాత్రలిచ్చాను. బండి తాళం లాక్కున్నాను. మామకు ఫిట్స్, జాగ్రత్త అని ఊరందరికీ చెప్పాను కూడా. అల్లుడి మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఆర్నెల్లు మామ ఆ మాత్రల మత్తులో తూలుతూ, పాలక్యాను మోసుకుని నడిచి తిరిగాడు. కొందరు ఆయన దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు.

చివరికి మా ఆవిడ పోరు పడలేక తిరుపతిలో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆమె నన్ను పక్కనపెట్టి మామనే అడిగింది. లేపితే వెంటనే తెలివొస్తుందా? ఏం చేశావో గుర్తుంటుందా? మామ ఒక్కో కలా చెప్పాడు. ఒక రాత్రి తలకు వైర్లు పెట్టి పడుకోబెట్టి చూశారు.

"ఫిట్స్ అయితే చాలావరకు ప్రతిసారీ ఒకే తీరుగా వస్తాయి. తర్వాత మనిషి కాసేపు అయోమయంగా ఉంటాడు. ఈయన కలలో చేసేది ఒంటితో చేస్తున్నాడు. ఇది నిద్రకు సంబంధించిన జబ్బు," అంది. ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పెట్టకూడదని నావైపు చూసి చెప్పింది. తర్వాత మామను అడిగింది, "ఇవి కలలే అని ముందే గట్టిగా చెప్పలేదేం?"

"అల్లుడు చెప్పినాడు గదమ్మా. యాడ కాదనేది?"

ఆమె నా మాత్రలు మెల్లగా మాన్పించింది. మామ మళ్లీ బండెక్కాడు. నేను మాత్రం క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాంలే అనుకుంటూ రెండేళ్లు దాటించాను.

దినాలయ్యాక, పాలు మానేసిన ఇళ్లకు పోయి చెప్పాను, మామకు ఫిట్స్ లేవు, తప్పు నాదని. ఆఖరింటి ఆమె ఆశ్చర్యపోయింది.

"నీ తప్పా? ఆయప్ప ఎప్పుడూ అట్లా అనలేదే! మా అల్లుడే నా జబ్బు కనిపెట్టి తిరుపతికి తీసకపోయినాడని నవ్వతా చెప్పినాడే!"

ఆ ఊరి అల్లుణ్ని కదా, ఆమె లోపలికి పోయి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. నేను కూర్చోలేకపోయాను.