ఇరవై మూడో నంబరు వైరు

1998 జూన్‌లో నన్ను బెంగళూరు దగ్గర అత్తిబెలెలోని ఒక కంట్రోల్ ప్యానెళ్ల ఫ్యాక్టరీకి డిజైన్ విభాగంలో సీనియర్ ఇంజినీరుగా వేశారు. మారతహళ్ళి నుంచి కంపెనీ బస్సులో వెళ్లేదాన్ని. మోటార్లను నడిపే స్విచ్చులు, రిలేలు, వాటి మధ్య వందలాది వైర్లు అమర్చిన ఇనుప బీరువానే ప్యానెల్ అంటాం. దానికి డ్రాయింగు గీయడం మా పని. అది చూసి వైర్లు కట్టడం కింద షాపులో ఉండే వైర్‌మెన్ పని. గీసినవారి పేరు కింద ‘చెక్డ్’ అనే గడి ఉంటుంది. అందులో సంతకం నాది.

అంతకు ఏడాది ముందే డ్రాయింగు బల్లలు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. మా డిజైనర్ సుధాకర్ అనంతపురం నుంచి వచ్చినవాడు, పనిమంతుడు. మోటార్లకు వెళ్లే 415 వోల్టుల గీత ఎరుపు, రిలేలకు వెళ్లే 230 వోల్టులది పసుపు, ప్యానెల్‌కు మెదడులాంటి పీఎల్‌సీకి వెళ్లే 24 వోల్టులది నీలం. నల్లటి స్క్రీను మీద ఆ గీతలు ఎవరికైనా ఇట్టే తెలిసేవి. మా ప్రింటరుకు మాత్రం నలుపు తప్ప ఇంకో రంగు లేదు. షాపుకు వెళ్లేది ఆ ప్రింటు కూడా కాదు, దాని జిరాక్సు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

అది చాలదన్నట్టు, ప్రతి షీటులోనూ వైర్ల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి. నీళ్ల పంపుల ప్యానెల్ ఒకటి గీసినప్పుడు నాలుగో షీటులో 23వ నంబరు వైరు 230 వోల్టులది, తొమ్మిదో షీటులో అదే నంబరు వైరు 24 వోల్టులది. మా పనిలో మొదటి నియమం ఏమిటంటే, ఒకే నంబరున్న వైర్లన్నీ ఒకటే, వాటిని కలపాలి. స్క్రీను మీద ఒకటి పసుపు, ఒకటి నీలం. నాకు తేడా కనిపించింది, సంతకం పెట్టేశాను.

ఆ ప్యానెల్ కడుతున్న మునిస్వామి ఇరవై ఏళ్ల అనుభవమున్న వైర్‌మన్. మూడు తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగు కుటుంబం. ఆయన షాపు నుంచి ఫోన్ చేశాడు.

“అమ్మా, ఇరవై మూడు రెండు తావుల ఉండాది. రెండూ ఒకటేనా?”

ఆ పూట షాపు నుంచి అలాంటి ఫోన్లు నాలుగైదు వచ్చాయి. “రంగు చూడండి, తెలుస్తుంది” అని విసుగ్గా పెట్టేశాను.

మర్నాడు టెస్టింగు. కొనేవారి ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. సప్లై ఇవ్వగానే టప్‌మని చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. పీఎల్‌సీలో ఉండే 24 వోల్టుల కార్డులోకి 230 వోల్టులు వెళ్లాయి. కొత్త కార్డు రావడానికి మూడు వారాలు. ప్రొడక్షన్ మేనేజరు ఇన్‌స్పెక్టర్ ముందే మునిస్వామిని నిలదీసి, మధ్యాహ్నానికల్లా సస్పెన్షన్ నోటీసు టైపు చేయించాడు.

మునిస్వామి ఆయనతో వాదించలేదు. జిరాక్సు పట్టుకొని మెట్లెక్కి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“రంగు చూడమంటిరి కదమ్మా. ఈ కాగితంలో రంగు యాడుండాది? నంబరు ఒకటైతే వైరు ఒకటేనని మీరే కదా చెప్పేది. నేను సుమ్మనే, ఊరికే కట్టలే.”

సుధాకర్ అక్కడే ఉన్నాడు. “మేడమ్, స్క్రీన్ మీద క్లియర్‌గానే ఉంది కదా” అన్నాడు.

“ఆయన దగ్గర స్క్రీన్ ఉందా సుధాకర్?” అని అరిచాను. ఆ అరుపులో సగం నా మీద నాకున్న కోపమే. ఆ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకొని చూశాను. నేను చెక్ చేసిన డ్రాయింగులో ఏ గీత ఎన్ని వోల్టులదో నేనే చెప్పలేకపోయాను.

ఒక పేజీ రిపోర్టు రాశాను. తప్పు డ్రాయింగుది, చెక్ చేసింది నేను, ఆయన ముందే అడిగాడు, నేను సరైన జవాబు చెప్పలేదు. కాగితం మీద పెడితే వెనక్కి తీసుకోలేరని మేనేజరు హెచ్చరించాడు. అయినా ఇచ్చాను. నోటీసు రద్దయింది. నా ఫైల్లో మెమో చేరింది, ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. బాధపడలేదని అనను.

దిద్దుబాటు కూడా తిన్నగా సాగలేదు. 24 వోల్టులకు తెగిన గీత వాడదామన్నాం. ప్రింటులో ఆ తునకలు మరీ చిన్నవై అతుక్కుపోయి మామూలు గీతలాగే వచ్చాయి. మూడు రోజులు కుస్తీ పట్టి అది సరిచేస్తే, తెగిన గీత ప్యానెల్ బయటి వైర్లకు వాడేది కదా అని ఇంకొకరు అడ్డుపడ్డారు. నిజమే. చివరికి గీతలను నమ్మడం మానేశాం. ప్రతి నంబరు ముందూ వోల్టేజీని తెలిపే అక్షరం పెట్టాం. ఒక డ్రాయింగులో ఒకే నంబరు రెండు వేరువేరు వైర్లకు రాకూడదని నియమం పెట్టాం. విడుదలకు ముందు ఒక జిరాక్సు మునిస్వామికి పంపేవాళ్లం. మొదటిది నాలుగు చోట్ల సున్నాలు చుట్టి వెనక్కి పంపాడు. నాకు చిరాకేసింది. చూస్తే ఆయన పట్టిన నాలుగూ నిజంగా తప్పులే.

వైరు రకం, వోల్టేజీ జిరాక్సులో కూడా చదవగలిగేలా అక్షరాల్లో ఉండాలి. షాపు నుంచి సందేహం వస్తే, జవాబు చెప్పేముందు అడిగినవాళ్ల చేతిలో ఏ కాగితం ఉందో కనుక్కోవాలి. ఇంత చిన్న విషయం నేను నేర్చుకోవడానికి ఒక కార్డు కాలింది, ఒక మనిషి ఉద్యోగం పోబోయింది.